మూడు డబ్బాల సాక్ష్యం

నాకు ముక్కు మీద కోపం. అందులోనూ కొలత విషయంలో ఎవరైనా 'సుమారుగా' అంటే ఒళ్ళు మండిపోతుంది. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. ఉండేది ఏలూరులో. పొద్దున పాసింజర్ బండిలో వెళ్ళి సాయంత్రం పాసింజర్ బండిలో తిరిగొస్తాను. ల్యాబ్ రికార్డులో 'దాదాపు' అన్న మాట కనిపిస్తే ఎర్ర సిరాతో చుట్టి వెనక్కి ఇచ్చేస్తానని పిల్లలు నాకో పేరు పెట్టుకున్నారు. అదేమిటో నాకు తెలుసు, తెలియనట్టు ఉంటాను. అంత ఘనంగా కొలతలు కొలిచే నేను ఒకసారి, చూడని దాన్ని చూశానని కాగితం మీద రాశాను. ఆ ఒక్క వాక్యం వల్ల కొల్లేటి గట్టు మీద ఒక పెద్దాయనకు కొలువూ గూడూ రెండూ పోబోయాయి. ఇది ఆ సంగతి.

అటవీశాఖ అధికారి ఒకాయన మా కాలేజీకి రావడంతో ఇది మొదలైంది. మనిషి నెమ్మదస్తుడు, గొంతు కూడా తగ్గించే మాట్లాడతాడు. కొల్లేరు అభయారణ్యం అంచున తెల్లవారుజామున తుపాకీ చప్పుళ్ళు వినిపిస్తున్నాయనీ, తర్వాత వెళ్ళి చూస్తే నీళ్ళ మీద పరజ బాతుల ఈకలు తేలుతున్నాయనీ చెప్పాడు. చప్పుడు విన్నాక పడవ తీసి వెళ్ళేలోపు ఎవరూ ఉండరు. అసలు ఎటు వెళ్ళాలో కూడా తెలియదు. అడ్డం లేని నీటి మీద చప్పుడు అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే ఉంటుంది, తన మనుషులు నలుగురుంటే నలుగురూ నాలుగు దిక్కులు చూపిస్తారట. యంత్రమేమైనా చెప్పగలదా అని అడిగాడు. ఎందుకు చెప్పలేదు, చెబుతుంది అన్నాను. ఆలోచించడానికి ఒక పూట కూడా గడువు అడగలేదు.

పద్ధతి కష్టమైంది కాదు. వీధి మధ్యలో ఎవరి చేతిలోంచైనా పళ్ళెం జారి పడితే ఎదురింటావిడ ముందు వింటుంది, వీధి చివరావిడ కాస్త తర్వాత వింటుంది. ఆ కాస్త తేడా మన చెవులకు అందదు, యంత్రానికి అందుతుంది. చప్పుడు సెకనుకు మూడువందల నలభై మీటర్ల చొప్పున నడుస్తుంది కాబట్టి, ఏ మైకు ఎప్పుడు విన్నదో తెలిస్తే పళ్ళెం ఏ గుమ్మం ముందు పడిందో లెక్క కట్టి చెప్పవచ్చు. కావలసిందల్లా రెండే. మైకులన్నిటి గడియారాలూ ఒక్కటిగా నడవాలి. ఏ మైకు ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి.

ఎండాకాలంలో, నీళ్ళు బాగా లాగేసినప్పుడు నాలుగు డబ్బాలు పెట్టాం. ఒక్కొక్కటీ ఇనుప పైపు మీద టిఫిన్ క్యారియరంత డబ్బా, దాని నెత్తిన చిన్న సోలార్ పలక. అభయారణ్యం అంచున చేపల చెరువులున్నాయి. వాటి గట్ల మీదే పైపులు పాతాం. గొడుగు వేసుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కొక్క పైపు స్థానాన్నీ నేనే కొలిచి నా చేత్తో కంప్యూటర్లోకి ఎక్కించాను. డబ్బాలో జీపీఎస్ కూడా ఉంది కానీ దాన్ని గడియారం సరిచేయడానికే వాడాను. అది చెప్పే స్థానం నిమిషానికో రకంగా అటూ ఇటూ ఊగుతుంది, నా కొలత ఊగదు. అప్పట్లో నాకున్న గర్వం అది.

ఆ నాలుగింటిలో రెండు ఒకే ఆసామి చెరువు గట్ల మీద పడ్డాయి. ఆసామి మర్యాదస్తుడు, అడగ్గానే ఒప్పుకున్నాడు. అక్కడ కాపలా ఉండేది ఒక పెద్దాయన, ఆయన భార్య. చెరువు ఎత్తుగట్టు మీద రేకుల మకాం ఒకటుంది. మేత బస్తాలు, ఇంజను, వలలు అన్నీ అందులోనే, వాళ్ళ వంటా పడకా కూడా అందులోనే. లీజు చేతులు మారినప్పుడల్లా పాత ఆసామి కొత్త ఆసామికి మోటార్లతో పాటు ఈయన్ని కూడా అప్పగించి వెళ్ళేవాడట. అలా ముగ్గురు ఆసాముల కింద పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడు. ఊళ్ళో ఇల్లంటూ ఏమీ మిగల్లేదు. ఆవిడ కోళ్ళు పెంచుకునేది. నేను పైపు పాతించినప్పుడు ఆయన దగ్గరుండి రాళ్ళు మోసి దాని మొదలు చుట్టూ గట్టిగా కుక్కి పెట్టాడు. నేను అడగలేదు, ఆయనే చేశాడు.

మొదటి నెలంతా మా డబ్బాలు పట్టుకున్నవి టపాకాయలే. కొన్ని పెళ్ళివారివి, ఎక్కువ చెరువులవాళ్ళవి. గూడబాతులు చెరువు మీద వాలాయంటే చేపలకు లెక్కుండదు. అందుకని మధ్యాహ్నం పూట కాపలావాళ్ళు టపాకాయలు పేలుస్తారు, ప్లాస్టిక్ పైపుతో చేసిన ఉత్తుత్తి తుపాకీతో ఢాం అనిపిస్తారు. పిట్ట బెదురుతుంది, అంతకుమించి ఏమీ కాదు. అసలు తుపాకీ చప్పుడుకూ వీటికీ తేడా యంత్రానికి నేర్పడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నేర్చుకున్నాక మాత్రం బాగానే పనిచేసింది.

వానాకాలంలో బుడమేరూ తమ్మిలేరూ ఒకేసారి పొంగి కొల్లేటి మీద పడ్డాయి. తక్కువ గట్లన్నీ మునిగిపోయాయి. ఒక డబ్బా నీళ్ళలో పోయింది. మిగతా మూడూ పలుకుతూనే ఉన్నాయని కాలేజీలో నా కంప్యూటర్ చెప్పింది. పది రోజులకు నెలవారీ నివేదిక ఇవ్వాల్సి వచ్చింది. అందులో ఒక గడి ఉంటుంది, పరికరాల స్థానాలు సరిచూశారా అని. వెళ్ళాలంటే దారంతా మోకాళ్ళ లోతు బురద. పైగా అవి పరీక్ష పేపర్లు దిద్దే రోజులు. భూమిలో దిగ్గొట్టిన ఇనుప పైపు నడిచి ఎక్కడికి పోతుందిలే అనుకుని, 'సరిచూడబడినవి' అని రాసి సంతకం పెట్టేశాను. పిల్లల రికార్డులో అలాంటిది కనిపిస్తే వాళ్ళ తండ్రులను పిలిపించేదాన్ని.

పైపు నడిచింది. ఎలా నడిచిందో అర్థం కావాలంటే గట్ల మీది ఆనవాయితీ ఒకటి చెప్పాలి. వరద వస్తోందంటే గట్టు మీద ఉన్నవాళ్ళు తమ సామానొక్కటే మోసుకుని పోరు. కంటికి ఆనిందల్లా, ఎవరిదైనా సరే, ఎత్తు మీదకు చేరుస్తారు. పక్క చెరువువాడి మోటారు, ఎవరిదో వల, ఎవరిదో డీజిల్ డబ్బా. చేర్చాక 'మీది నేను తెచ్చిపెట్టాను' అని ఎవరూ కబురు పెట్టరు. అలా చెప్పడం మెప్పు అడిగినట్టు ఉంటుందని వాళ్ళకు సిగ్గు. నీరు తీశాక ఎవరికి వాళ్ళు వచ్చి ఎత్తుగట్టు మీద వెతుక్కుంటారు, దొరికింది పట్టుకుపోతారు. ఇది అక్కడ అందరికీ తెలుసు. తెలియనిదల్లా బయటనుంచి వెళ్ళి పైపులు పాతిన నాకు.

నీరు తీశాక మళ్ళీ తుపాకీ చప్పుళ్ళు మొదలయ్యాయి. వరసగా మూడు తెల్లవారుజాములు యంత్రం పట్టుకుంది, మూడుసార్లూ పటం మీద ఎర్రచుక్క ఒకే చోట పడింది. పెద్దాయన మకాం మీద. దాచుకోవడం ఎందుకు, నాకు సంతోషమే వేసింది. మూడుసార్లు ఒకే చోట పడిందంటే నా లెక్క ఎంత గట్టిదో చూడండి అని నాలో నేనే పొంగిపోయాను. ఆ రాళ్ళు మోసిన మనిషి మొహం ఒక్క క్షణం గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఎంత గుట్టుగా నటించాడు అనిపించింది.

అధికారికి ఫోన్ చేశాను. మర్నాడు ఆయన మనుషులు పడవలో మకాం దగ్గరికి వెళ్ళారు. నేను అధికారితో పాటు రోడ్డు మీదే, కారు దగ్గర ఆగాను. ఇంకా బురదగానే ఉంది. ఆసామిని కూడా అక్కడికే పిలిపించారు. గంట తర్వాత పెద్దాయన్ని తీసుకొచ్చారు, ఆయన వెనకే టపాకాయల సంచీ, ప్లాస్టిక్ పైపు తుపాకీ కూడా తెచ్చారు. అసలు తుపాకీ దొరకలేదు. ఎక్కడో దాచి ఉంటాడని అందరమూ అనుకున్నాం.

ఆయన గొంతు పెంచలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నావైపే చూసి చెప్పాడు.

"నేను మధ్యాహ్నం పూటే పేలుస్తానండి. తెల్లారగట్ట గూడబాతులు చెరువు మీదకి రావండి. అప్పుడు పేల్చి ఏం చేసుకోనండి?"

అది చాలా సబబైన మాట. పక్షుల సంగతి కొంచెమైనా తెలిసినవాళ్ళు ఆగి ఆలోచించేవారు. నాకు మాత్రం ఎదురు చెప్పినట్టు తోచి చిర్రెత్తుకొచ్చింది. ఖాయమేనా మేడం అని అధికారి అందరి ముందూ అడిగాడు.

"యంత్రానికి ఎవరి మీదా పగ ఉండదు సార్," అన్నాను. "ఉన్నది ఉన్నట్టు చెబుతుంది."

సోమవారంనాటికి నా సంతకంతో నివేదిక ఇస్తే కేసు పెడతామని అధికారి అన్నాడు. అభయారణ్యం కేసంటే ఆసామికి భయం. ఆదివారంలోగా మకాం ఖాళీ చేయమని పెద్దాయనకు అక్కడికక్కడే చెప్పేశాడు. పెద్దాయన అలాగేనండి అన్నాడు. నన్ను ఇంకేమీ అడగలేదు. తలపాగా మళ్ళీ చుట్టుకుని గట్టు వెంట నడిచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. నివేదికకు జత చేయడానికి మూడు డబ్బాల్లో రికార్డయిన చప్పుళ్ళు కత్తిరించి పెట్టుకుందామని చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను. మొదటి డబ్బా బాగుంది. రెండోది బాగుంది. మూడోది వింటుంటే, తుపాకీ చప్పుడుకు కొంచెం ముందు ఒక కోడి కొక్కొక్కో అంటోంది. మళ్ళీ విన్నాను. కోడే. పక్కన కూర్చుని అరిచినంత దగ్గరగా ఉంది. ఆ తర్వాత వచ్చిన తుపాకీ చప్పుడు దానికంటే చాలా చిన్నగా, ఎక్కడో దూరంగా ఉంది.

నా పటంలో ఆ మూడో డబ్బా ఉన్నది తక్కువ గట్టు చివర, మూడు వైపులా నీళ్ళు. అక్కడ కోడికి ఏం పని? కోళ్ళున్నది మకాం దగ్గర. డబ్బా కూడా మకాం దగ్గరే ఉండి, తుపాకీ కూడా అక్కడే పేలి ఉంటే ఆ చప్పుడుకు మైకు చెవులు పగిలి ఉండాలి. పగల్లేదు. భీమడోలు దాటేదాకా ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ విన్నాను.

ఇంటికి చేరగానే, నేను చిన్నచూపు చూసిన ఆ జీపీఎస్ లెక్కలు తీశాను. ఊగుతుందన్నాను కదా, ఊగుతూనే ఉంది, కానీ వరద వచ్చిన మొదటి రోజు సాయంత్రం మూడువందల మీటర్లు జరిగి, అప్పటినుంచీ మకాం పక్కనే ఊగుతోంది. ఆ కొత్త చోటు పెట్టి లెక్క మళ్ళీ చేశాను. మూడు ఎర్రచుక్కలూ మకాం మీదనుంచి లేచి, అర కిలోమీటరు అవతల, అభయారణ్యం లోపలి కిక్కిస పొదల్లో పడ్డాయి. అక్కడ ఎవరూ కాపురం ఉండరు, దోనె మీద వచ్చి పోయేవాళ్ళు తప్ప.

నాలుగో డబ్బా బతికి ఉంటే ఈ తప్పు అప్పుడే బయటపడేది. నాలుగుంటే లెక్క కుదరక తగువు పడతాయి, ఎక్కడో తేడా ఉందని మనకు తెలుస్తుంది. మూడే ఉంటే ఏ తప్పు పెట్టినా బుద్ధిగా ఒప్పుకుని ఒక చుక్క చూపిస్తాయి. ఈ పాఠం నేను ఏటా చెబుతాను, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను.

శనివారం పొద్దున్నే అధికారికి ఫోన్ చేసి, లెక్క తప్పింది, ఆయన కాదు, ముందు ఆసామికి చెప్పి ఖాళీ చేయించడం ఆపించండి అన్నాను. ఎందుకు తప్పిందని అడిగాడు. డబ్బా జరిగింది అన్నాను. అయితే కాపలా ఆయనే జరిపి ఉంటాడు, ప్రభుత్వ పరికరాన్ని ముట్టుకోవడం కూడా నేరమే కదా మేడం, అలా రాసివ్వండి, మీకూ ఇబ్బంది ఉండదు అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు.

నిజంగానే కాపాడేది. నేను సరిచూశాను, తర్వాత ఎవరో కదిపారు అని ఒక్క ముక్క రాస్తే నా సంతకానికి మచ్చ ఉండదు. కాలేజీలో తల ఎత్తుకునే తిరగవచ్చు. పెద్దాయన మీద మాత్రం తుపాకీ కేసు పోయి ఇంకో కేసు వస్తుంది, మకాం ఎలాగూ పోతుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎంతసేపు ఊరుకున్నానో చెప్పలేను. మేడం, ఉన్నారా అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆ కొద్దిసేపు నేను ఏమాలోచించానో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

"డబ్బా జరిగింది వరద మొదటిరోజున సార్," అన్నాను చివరికి. "నేను సరిచూశానని రాసింది పది రోజుల తర్వాత. నేను అసలు వెళ్ళలేదు. అబద్ధం రాశాను."

ఆ మాటే కాగితం మీద ఇవ్వగలరా అని నెమ్మదిగా అడిగాడు. ఇస్తానన్నాను. ఇచ్చాను. దాంతో కాలేజీవాళ్ళు ఆ పని నా చేతిలోంచి తీసి ఇంకొకరికి అప్పగించారు. అది న్యాయమే. అయినా బాధగానే ఉంది, లేదని చెప్పను.

ఆదివారం పొద్దున అధికారి దోనె పంపించాడు, తనూ వచ్చాడు. వరద తర్వాత నేను ఆ గట్టు మీద కాలు పెట్టడం అదే. దూరం నుంచే పైపు కనిపించింది. మకాం పక్కన, అన్నిటికంటే ఎత్తైన చోట నిటారుగా పాతి ఉంది. మొదలు చుట్టూ రాళ్ళు కుక్కి ఉన్నాయి. సోలార్ పలక నేను పెట్టినట్టే దక్షిణం వైపు తిప్పి ఉంది, ఎవరో రోజూ తుడుస్తున్నట్టు మెరుస్తోంది.

మకాం ముందు సామానంతా మూటలు కట్టి ఉంది. కోళ్ళను గంప కింద మూసి పెట్టారు. పొరపాటు జరిగిపోయింది, అక్కడే ఉండమనండి అని ఆసామి ఫోన్లో అన్నాడని అధికారి పెద్దాయనకు చెప్పాడు. ఆయన చేతిలో ఉన్న తాడు కింద పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కండువాతో తుడిచి, కూర్చోండమ్మా అన్నాడు. నేను కూర్చోలేదు. ఎలా జరిగిందో, నేను ఏం రాశానో అంతా నా నోటితోనే చెప్పాను. ఆయన పైపు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"అయితే తప్పు నాదేనండి," అన్నాడు. "మీరు కొత్తవారు కదా. ఎత్తు మీద పెట్టానని ఒక ముక్క చెప్పాల్సిందండి."

కాదండీ, మీది కాదు అన్నాను. ఆవిడ అప్పటిదాకా మూటల దగ్గర వంగి ఉంది. నడుం ఎత్తి మొదటిసారి నాతో మాట్లాడింది. కోపంగా కూడా కాదు, జరిగింది చెబుతున్నట్టుగానే.

"ఆ పైపు భుజాన వేసుకుని పీకల్లోతు నీళ్ళలో వచ్చాడండి. మూడు రోజులు జ్వరంతో లేవలేదు. మీరు అప్పుడొకసారి వచ్చి చూసుకుంటే బాగుండేదండి."

ఆయన ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. మేడం గారు ఇప్పుడొచ్చారుగా అన్నాడు. నాకు ఆ మాట ఆవిడ మాట కంటే ఎక్కువ తగిలింది.

ఏం చేయాలో తోచక ఒక మూట ముడి విప్పాను. అందులో గిన్నెలున్నాయి. రెండు గిన్నెలు తీసి మకాం లోపలికి పట్టుకెళ్ళబోయాను. ఆవిడ నా చేతిలోంచి మెల్లిగా తీసుకుంది.

"మీరు ఉండండి. మీరు సర్దితే ఏది ఎక్కడుందో నాకు తెలీదండి," అంది. లోపలికి వెళ్ళి ఒక్కొక్క గిన్నెనూ దాని చోట పెట్టుకుంటుంటే, ఆ చప్పుళ్ళు వింటూ గుమ్మం బయటే నిలబడ్డాను.